కుర్చీలోంచి లేవడం నేర్పిన ఉద్యోగం

ఈమధ్య ఫిజియోథెరపీ పరీక్ష పాసైన ఇద్దరమ్మాయిలు కాకినాడలో మా ఇంటికి వచ్చారు. గల్ఫ్ వెళ్దామనుకుంటున్నాం, మీ అనుభవాలు చెప్పండి మేడమ్ అన్నారు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. క్లినిక్‌లో ఏ మిషన్లు ఉండేవి, ఉండటానికి ఇల్లు వాళ్లే ఇచ్చేవారా, సెలవులు ఎన్ని, ఇవే అడిగారు. చాలాసేపు కూర్చున్నారు గానీ, అక్కడి మనుషులకి ఏం నొప్పులొచ్చేవి, ఎందుకొచ్చేవి అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది. వాళ్లు గేటు దాటగానే కాగితం తీసి ఇది మొదలుపెట్టాను. కాబట్టి అక్కడక్కడా కాస్త కారం తగిలితే సర్దుకోండి.

డెబ్బైల చివర్లో మా ఆయనకి కువైట్‌లో కరెంటు పనుల డ్రాయింగులు గీసే ఉద్యోగం వచ్చింది. ఆయన వెనకే నేనూ వెళ్లి, కొన్నాళ్లకి హవల్లీలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేరాను. ఎనభైలు దాదాపు గడిచిపోయేదాకా అక్కడే చేశాను. నేను మంచి ఫిజియోథెరపిస్టుని. నా గురించి నేనే చెప్పుకుంటున్నానని నవ్వుకోండి, నాకేం బాధ లేదు. ఒకరి చేత చెప్పించుకునే ఓపిక ఈ వయసులో లేదు.

నా చేతికి ఆ మంచి ఎక్కడినుంచి వచ్చిందంటే, సగం కాలేజీ నుంచి, సగం మా నాన్నగారి నుంచి. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాష్టారు. పొద్దున్నే చాప పరిచి మాచేత నాలుగు ఆసనాలు వేయించి చాప చుట్టేసేవారు. అసలు పాఠం ఆ తర్వాత మొదలయ్యేది. బావిలో నీళ్లు తోడుతుంటే పక్కన నిలబడి, "ఊపిరి ఎక్కడుందే?" అని అడిగేవారు. చేద దిగేటప్పుడు పీల్చాలి, లాగేటప్పుడు వదలాలి. బిందె ఎత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్లు వంచాలి. అన్నం వార్చడం, బట్టలు ఆరేయడం, మెట్లెక్కడం, అన్నిట్లోనూ ఆయనకి యోగా కనిపించేది. చిన్నప్పుడు నాకు చికాకేసేది. కువైట్ వెళ్లాకే ఆయన నాకేం ఇచ్చారో తెలిసింది.

యోగా క్లాసు ఎలా మూతపడింది

మా క్లినిక్‌కి ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీతో ఒప్పందం ఉండేది. మంగఫ్‌లో వాళ్ల లేబర్ క్వార్టర్సు. వారానికోసారి డాక్టరుతో పాటు నేనూ అక్కడికి వెళ్లేదాన్ని. వరసలో నిలబడ్డవాళ్లలో సగం మంది మన గోదావరి జిల్లాలవాళ్లే, అందరిదీ ఒకటే మాట, నడుము. రాడ్లు కట్టేవాళ్లు, పైపులు మోసేవాళ్లు. పొద్దున్నే బస్సులో సైటుకి, పొద్దుపోయాక బస్సులో గదికి.

నాకు ఉత్సాహం పొంగింది. శుక్రవారం పొద్దున మెస్సు హాల్లో యోగా క్లాసు పెడతానని ప్రకటించాను. మొదటివారం హాలు నిండింది. తర్వాతివారం సగమైంది. ఇంకొన్ని వారాలకి మెస్సులో వంటచేసేవాడొక్కడే మిగిలాడు, వాడూ ఉల్లిపాయలు తరుగుతూ నన్ను చూసేవాడు. అమలాపురం దగ్గరి రాడ్‌బెండింగ్ మేస్త్రీ ఒకాయన నన్ను చూసి జాలిపడి అసలు సంగతి చెప్పాడు.

"అమ్మగారూ, మీరేం అనుకోకండి. వారవంతా వంగుతానే ఉంటావండి. శుక్రారం కూడా వంగమంటే ఎలాగండీ?"

ఇంతకన్నా న్యాయమైన మాట నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. క్లాసు ఆ రోజే మూసేశాను. ఆ తర్వాత వాళ్ల పనిలోకే నేను వెళ్లాను. కంపెనీ బస్సు కోసం నిలబడినప్పుడు మడమలెత్తి దించడం, బస్సెక్కాక ముందు సీటు కడ్డీ పట్టుకుని భుజాలు వదిలేయడం, రాడ్లు కట్టేటప్పుడు నడుం మడవకుండా గొంతుక్కూర్చుని కట్టడం. ఇవి చెయ్యడానికి వేరే టైము అక్కర్లేదు. అందుకే చేశారు.

గొంతుక్కూర్చోవడం మాత్రం ఫోర్‌మన్‌కి నచ్చలేదు. కూర్చుంటే సోమరితనమని ఆయన లెక్క. వంగి రొప్పుతుంటేనే పని జరుగుతున్నట్టు. నేను వెళ్లి, సాయంత్రానికి ఎవరి పని ఎంతయిందో మీరే చూడండి అన్నాను. చూసినట్టున్నాడు, ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. అమ్మాయిలూ, మీ ఉద్యోగంలో ఈ గొడవ మీకూ తప్పదు. ఒంటికి మేలు చేసే కదలిక చూసేవాళ్లకి తరచుగా పని ఎగ్గొట్టినట్టే కనిపిస్తుంది.

మా పెద్ద డాక్టరు

మా క్లినిక్ యజమాని ఎముకల డాక్టరు. లండన్‌లో చదివొచ్చాడు. ఆపరేషన్ చేసే చేయి అద్భుతం, వినే చెవి మాత్రం సున్నా. పేషెంట్ల కోసం ఎర్ర దీపాలు, మైనం తొట్టెలు, మెడ లాగే యంత్రం, అన్నీ తెప్పించాడు. "వైరు తగిలించకపోతే వైద్యం జరిగిందని ఎవరూ నమ్మరు" అనేవాడు. అందులో కొంత నిజముంది. కానీ వైరు తీసేశాక ఆ మనిషి మళ్లీ అదే వంకర నడుముతో బూటు లేసు కట్టుకుంటూ ఉంటే ఆయనకి పట్టేది కాదు.

ఒకసారి నేను ఒకావిడకి నిలబడటం నేర్పుతుంటే చూసి, "నా క్లినిక్‌లో యోగా అన్న మాట వినపడకూడదు" అన్నాడు. సరేనన్నాను. ఆ మాట అక్కడ ఇంకెప్పుడూ అనలేదు, పని మాత్రం ఒక్కరోజూ మానలేదు. తాడాసనం అంటే జనం పారిపోతారు. టీ మరిగేదాకా రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడి ఊపిరి చూసుకో అంటే నిలబడతారు. ఆయన హుకుం నాకు మేలే చేసింది.

రుమైథియా ఇల్లు

ఇప్పుడు నేను గర్వంగా చెప్పుకునే కేసు. ఈ ఉద్యోగంలో నేను చేసిన వాటన్నిట్లో ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను.

రుమైథియాలో ఒక కువైటీ ఇంటికి నన్ను పంపారు. ఇంటి యజమానురాలు స్కూలు టీచరు. పనివాళ్లంతా ఆవిణ్ని మామా అనేవాళ్లు. ఆవిడ అత్తగారిని మామా కబీరా అనేవాళ్లు, అంటే పెద్ద మామా. ఈ పెద్దావిడ స్నానాల గదిలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. మా డాక్టరే ఆపరేషన్ చేశాడు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది, ఇంక లేచి తిరగొచ్చన్నాడు. నెలలు గడిచినా ఆవిడ మాత్రం కుర్చీలోంచి లేవదు.

నన్ను ఆ ఇంటికి కారులో తీసుకెళ్లింది వాళ్ల డ్రైవరు ఖాదర్ బాషా. రాయచోటి మనిషి, నోరు మూతపడదు. దారిలోనే సంగతంతా చెప్పేశాడు.

"ఆ ముసలామెను మా సత్తెమ్మక్క బస్తా ఎత్తినట్టు ఎత్తుతాది మేడమ్. ఎన్నిసార్లు చెప్పినా ఇనదు. ఇట్లే ఉంటే, రేపు అక్కను మనం ఎత్తాల్సొస్తాది, చూడండి."

ఖాదర్ సత్తెమ్మక్క అన్నది సత్యవతిని, ఆ ఇంట్లో పనిమనిషి. రాజోలు వైపు నుంచి వచ్చింది. నేను వెళ్లేసరికి పెద్దావిణ్ని కుర్చీలోంచి మంచం మీదికి మారుస్తోంది. చంకల్లో చేతులేసి, ఊపిరి బిగబట్టి, ముఖం కందిపోయేలా ఒక్క గుంజు గుంజింది. పెద్దావిడ కాళ్లు నేలకి ఆనాయేగానీ బరువు మోయలేదు. తన కాళ్లు ఇంక పనికిరావని ఆవిడ ఒప్పేసుకుంది, మొత్తం సత్యవతి మీద వేలాడుతోంది. దించాక సత్యవతి గోడ పట్టుకుని నడుము మీద చెయ్యి వేసుకుంది.

"ఎప్పట్నుంచి నొప్పి?" అని తెలుగులో అడిగాను.

తెలుగు వినగానే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా నొప్పికేటండీ, పోద్దండి. ముందు మామా కబీరా సంగతి చూడండమ్మగారూ. పాపం, ఆవిణ్ని కాలు కూడా కదపనివ్వట్లేదండి నేను. నీళ్లు, కాఫీ, పూసలదండ, అన్నీ చేతికే అందిత్తన్నాను."

ఎంత గొప్పగా చెప్పిందో! మనవాళ్లు మాత్రమే చేసే తప్పు ఇది. పెద్దవాళ్లని పూచికపుల్ల కూడా ఎత్తనివ్వకపోవడమే సేవ అనుకుంటాం. అలా ప్రేమగా, భక్తిగా, ఆరోగ్యంగా ఉన్న మనిషిని మంచానికి అతికించేస్తాం. నర్సులు చేస్తే నేను తిట్టేదాన్ని. సత్యవతిని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

పెద్దావిడ సంగతి వేరు. నన్ను ఎగాదిగా చూసి అరబ్బీలో ఏదో అంది. ఖాదర్ గుమ్మం దగ్గరినుంచే తెలుగు చేశాడు. "కుర్చీ అనేది ఆఫీసులో మొగోళ్లు కూర్చునే సామానంట మేడమ్. ఆమె పుట్టినకాణ్నించి కిందనే కూర్చునిందంట. ఇప్పుడీ కుర్చీ జైలు మాదిరి ఉందంట." అప్పుడే నాకు ఆవిడ మీద ఆశ పుట్టింది. కుర్చీ బాగుందన్న పేషెంటుకి నేను చేయగలిగేది తక్కువ.

చేతులు ఏం చెయ్యాలి

నేను పెట్టిన వైద్యం రాసి చూపిస్తే మా డాక్టరు నవ్వేవాడు. కుర్చీ మీద దళసరి దిండు వేసి ఎత్తు పెంచాను. కాళ్లు మోకాళ్ల కిందికి లాక్కోవాలి, ముందుకు వంగుతూ పీల్చాలి, మడమలు నేలకి నొక్కి ఊపిరి వదులుతూ లేవాలి. ఉత్కటాసనం అని దానికో పేరుంది, ఆ గదిలో ఎవరికీ అది చెప్పలేదు. ఎక్సర్‌సైజ్ టైము అంటూ పెట్టలేదు. ఆవిడ రోజులో ఎలాగూ చేసే పనుల్లోనే పెట్టాను. పూసలదండ కిటికీ గట్టు మీద ఉంటుంది, కావాలంటే లేచి తీసుకోవాలి. కాఫీ కప్పు బల్లకి అటుచివర ఉంటుంది. నమాజు కుర్చీలోనే చేస్తోంది గానీ, ప్రతి బాంగు వినపడినప్పుడూ ముందొకసారి లేచి కూర్చోవాలి. మసీదు వాళ్లే టైము చెబుతారు, నేను గుర్తుచేయక్కర్లేదు. దిండు కొంచెం కొంచెంగా పల్చనవుతుంది.

సత్యవతికి మాత్రం చాలా కష్టమైన పని అప్పగించాను. పెద్దావిడకి ఎదురుగా, పడితే అందేంత దగ్గరలో నిలబడాలి. రెండు చేతులూ వెనక్కి పెట్టుకోవాలి. తన ఊపిరి పైకి వినపడేలా పీల్చి, వదలాలి. ఆ శబ్దం పట్టుకుని పెద్దావిడ లేస్తుంది. ముట్టుకోకూడదు.

"అమ్మబాబోయ్! పెద్దావిడ లేవలేక సత్తుంటే నేను చేతులెనక్కెట్టుకుని చూత్తా నిలబడాలాండీ? మా ఊళ్లో ఎవరన్నా చూత్తే మొకాన ఉమ్మేత్తారండి."

"ఎవరూ చూడరు. నిలబడు."

"పడిపోతేనండీ?"

"పడబోతే పట్టుకో. లేవబోతే పట్టుకోకు. తేడా నీకే తెలుస్తుంది."

మొదటిరోజు ఆవిడ చేతులు వెనక నిలవలేదు. పెద్దావిడ కాస్త కదిలితే చాలు, రెండూ ముందుకి దూకేవి. చివరికి ఒక మణికట్టుని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడింది. సత్యవతి ఊపిరి శబ్దానికి పెద్దావిడ పగలబడి నవ్వింది. ఈ పిల్ల దాహమేసిన ఒంటెలా ఎందుకు ఊదుతోంది అంది. నవ్వుతూనే కుర్చీలోంచి జానెడు లేచింది. మళ్లీ కూలబడింది. అయినా ఆవిడ కాళ్లు బరువు మోశాయి, నేను చూశాను.

సత్యవతి నడుముకి వేరే వైద్యం పెట్టలేదు. డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు చేతులు పైకెత్తుతూ పీల్చి, క్లిప్పు పెట్టి వదలమన్నాను. తడిబట్టల బకెట్టు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచమన్నాను. ఇస్త్రీ చేసేటప్పుడు ఒక కాలు చిన్న పీట మీద పెట్టి, మారుస్తూ ఉండమన్నాను. పెద్దావిణ్ని గుంజడం ఆగిపోవడంతో సగం నొప్పి దానంతటదే పోయింది. కొన్ని వారాలకి ఆవిడే నాకు చెప్పింది, "అమ్మగారూ, పొద్దుటేల డాబా మీద బట్టలారేత్తంటే ఏదో బాగుంటందండి. ఆ కాసేపూ నేను నాకోసం బతికినట్టుంటంది" అని. నేను యోగా గురించి చాలామంది చెప్పగా విన్నాను. ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

ఒక్కటి మాత్రం పెద్దావిడ గట్టిగా చెప్పింది. పూర్తిగా లేచేదాకా కోడలికి చెప్పొద్దు. లేవలేకపోతే నలుగురూ నవ్వుతారంది. సత్యవతి చేత, ఖాదర్ చేత, నా చేత మాట తీసుకుంది. కోడలు పొద్దున వెళ్లి మధ్యాహ్నం దాటాకగానీ స్కూలు నుంచి రాదు కాబట్టి అది కష్టం కాలేదు. ఎక్సర్‌సైజులు సాగుతున్నాయా అని ఆవిడ అప్పుడప్పుడు నాకు ఫోను చేసేది. సాగుతున్నాయనే చెప్పేదాన్ని.

ఖలాస్

ఒకరోజు ఖాదర్ వీధిచివర కొట్టునుంచి క్లినిక్‌కి ఫోను చేశాడు. గొంతులో ఎప్పటి ఎకసెక్కం లేదు.

"మేడమ్, పెద్ద గొడవ అయిపాయ. మామా ఈపొద్దు బడినించి తొందరగా వచ్చేసింది. ముసలామె సగం లేసి వణుకుతాంది. మొగమంతా చెమట. సత్తెమ్మక్క ఎదురుగా చేతులు ఎనక్కి పెట్టుకోని నిలబడుండాది. చూసిందో లేదో అరిసింది చూడండి మేడమ్! ముసలామె బెదిరి కుర్చీలో పడిపాయ."

"దెబ్బ తగిలిందా?"

"లేదు మేడమ్. కానీ సత్తెమ్మక్క పని ఖలాస్ అనేసింది. మా అత్త కిందామీదా పడతాంటే వినోదం చూస్తాందా ఈ మనిషి అనింది. టికెట్టు తెమ్మనింది నన్ను. ఇఖామా కూడా రద్దు చేపిస్తాదంట, ఇంక ఈ దేశంలో ఉండనీరు."

సత్యవతి ఎందుకు నోరు విప్పలేదో నాకు తెలుసు. పెద్దావిడకి మాట ఇచ్చింది, ఖాదరూ అంతే. పెద్దావిడ ఎందుకు విప్పలేదో తర్వాత తెలిసింది. పనివాళ్ల ముందు కోడలు అలా అరిచినందుకు ఆవిడకి తల కొట్టేసినట్టయింది. గోడవైపు తిరిగి పడుకుని, లేవడం మళ్లీ మానేసింది.

సాయంత్రం మా డాక్టరు నన్ను గదిలోకి పిలిచాడు.

"ఆ ఇంట్లో నువ్వు ఏం చేస్తున్నావు?"

"మనిషిని నిలబెడుతున్నానండి."

"పనిమనిషి ఊరికే నిలబడి చూస్తోందని ఆ ఇంటావిడ ఫోను చేసింది."

"ఆవిణ్ని నిలబెట్టిందీ నేనేనండి."

ఆయనకి నవ్వొచ్చిందో కోపమొచ్చిందో తెలియదు. వెళ్లి క్షమాపణ చెప్పి, ఎర్ర దీపం పెట్టి రమ్మన్నాడు. క్షమాపణ చెప్పనన్నాను. ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లనివ్వండి, పెద్దావిడ లేవకపోతే ఆ తర్వాత మీరేం చెబితే అది చేస్తానన్నాను. నా ఉద్యోగం కూడా ఆ కుర్చీలోనే కూర్చుందని నాకు అర్థమైంది. అయినా భయం వేయలేదు. ఆవిడ కాళ్లని నేను చూశాను, ఆయన ఎక్స్‌రేని మాత్రమే చూశాడు.

శుక్రవారం

శుక్రవారం వెళ్లాను. గుమ్మంలోనే సత్యవతి పెట్టె తాడు కట్టి ఉంది. సాయంత్రం విమానం. ఆవిడ వంటింట్లో పళ్లేలు తుడుస్తోంది.

"నాకు పని పోతే పోయిందండి అమ్మగారూ. ఇంకో చోట చేసుకుంటాను. పనిదొంగ అని పంపిత్తన్నారండి, అదీ నా ఏడుపు. పుట్టి బుద్దెరిగి ఆ మాట పడలేదండి నేను. ఆ పేరెట్టుకుని ఊళ్లోకెలా దిగుతానండీ?"

నేను పెద్ద గదిలోకి నడిచాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేను కాదు.

పెద్ద గదిలో మామా, ఆవిడ కూతుళ్లు తివాచీ మీద కూర్చున్నారు. పెద్దావిడ కుర్చీలో, ముఖం పక్కకి తిప్పుకుని ఉంది. నేను మామాకి ఇంగ్లీషులో వివరంగా చెప్పాను. కాళ్ల గురించి, ఊపిరి గురించి, సత్యవతి చేతుల గురించి. ఆవిడ టీచరు, ఓపిగ్గా విన్నది. విని, "అయితే లేవమనండి, చూస్తాను" అంది.

పెద్దావిడ దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కసారి లేవండి అని బతిమాలాను. ఆవిడ నావైపైనా చూడలేదు. నేనేమన్నా సంతలో ఒంటెనా, లేచి చూపించడానికి అంది. కోడలు ఆ మాట నాకు ఇంగ్లీషులో చెప్పి, చేతులు దులుపుకుంది. "చూశారుగా. ఖలాస్."

నిజం చెబుతున్నాను, అప్పుడు ఓడిపోయాననే అనుకున్నాను. సంచీ తీసుకుని లేవబోతుంటే బయట కారు హారన్ మోగింది. జహ్రా నుంచి పెద్దావిడ అక్కగారు శుక్రవారం భోజనానికి వచ్చింది. చేతికర్ర పట్టుకుని, నెమ్మదిగా, దర్జాగా లోపలికి నడిచింది. ఆ ఇళ్లలో పెద్దవాళ్లు గదిలోకి వస్తే కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టు ఉండరు. మామా లేచింది, కూతుళ్లు లేచారు. నేనూ లేచాను. తొడ విరిగిన దగ్గర్నుంచీ చెల్లెలు లేవదని తెలుసు కాబట్టి, ఆ అక్కగారు కుర్చీ దగ్గరికే వంగబోయింది.

పెద్దావిడ కాళ్లు వెనక్కి జరిగాయి.

నేను ముందు చూసింది ఆ పాదాలనే. మోకాళ్ల కిందికి వచ్చి, మడమలు నేలకి ఆనాయి. ఆవిడ ముందుకి వంగింది. మామా రెండు చేతులూ చాపి ఒక అడుగు వేసింది, నేను ఆవిడ మోచెయ్యి పట్టి ఆపేశాను. ఆ ఇంట్లో ఆ సాహసం నాకెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. వంటింటి గుమ్మంలో సత్యవతి తుడిచే గుడ్డతో సహా నిలబడిపోయింది. అందరం ఊపిరి బిగబట్టేశాం. ఇన్ని వారాలు నేర్పిన ఒకే ఒక్క పాఠాన్ని ఆ గదిలో పాటించింది పెద్దావిడ ఒక్కతే. పైకి వినపడేలా ఊపిరి వదులుతూ, దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడింది. రెండడుగులు వేసి అక్కగారి నుదుటిమీద ముద్దుపెట్టుకుంది.

"మాషా అల్లా!" అంది అక్కగారు. కర్ర కింద పడిపోయింది. "నిన్ను ఎవరు లేపారు?"

పెద్దావిడ వంటింటి గుమ్మంవైపు గడ్డంతో చూపించింది. "ఆ హిందియా. నన్ను ముట్టుకోకుండా లేపింది."

హిందియా అంటే ఇండియా మనిషి, ఆ పాటి అరబ్బీ నాకు అప్పటికి వచ్చు. గుమ్మం అవతల ఖాదర్‌కీ వచ్చు. ఎవరూ చెప్పకుండానే తాడు కట్టిన పెట్టెని భుజానికెత్తుకుని మేడ మీదికి తీసుకుపోయాడు. పోతూ పోతూ, "అక్కా, ఈసారి నన్ను మోయనీ, నీ నడుం జాగ్రత్త" అన్నాడు. సత్యవతి గుడ్డలో ముఖం దాచుకుంది.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. సంతోషం కంటే అది గర్వం, దాచడమెందుకు. మిషన్ లేదు, వైరు లేదు, చాప కూడా లేదు. ఒక మనిషి రోజూ చేసే పనిలో పెట్టిన కదలిక, ఆ మనిషికి అవసరమైన రోజున తనంతట తానే బయటికొచ్చింది. డాక్టరుకి శనివారం ఈ సంగతి చెబితే ఆయన పెన్నుకి మూత పెట్టి, రుమైథియాలో ఇంకో పేషెంటు ఉంది, మీరే వెళ్లండి అన్నాడు. మీరు అనడం అదే మొదలు.

అమ్మాయిలూ, మామా సత్యవతికి క్షమాపణ చెప్పలేదు. ఆ ఇళ్లలో మామాలు పనివాళ్లకి క్షమాపణ చెప్పడం నేను చూడలేదు. కానీ ఆ రోజు భోజనాలయ్యాక, ఆవిడ సత్యవతిని పెద్ద గదిలోకి పిలిచింది. నీకు సెలవైన రోజున ఇది నేను చెయ్యాలి కదా, ఎక్కడ నిలబడాలో చూపించు అంది. సత్యవతి నావైపు చూసింది. నేను తలూపాను. అప్పుడావిడ చేతులు కొంగుకి తుడుచుకుని, యజమానురాలిని భుజాలు పట్టి కుర్చీకి ఎదురుగా నిలబెట్టి, వెనక్కి వెళ్లి, ఆవిడ రెండు చేతులూ తీసుకుని నడుము వెనక ఒకదాని మీద ఒకటి పెట్టింది.